యానాం: గౌతమి ఒడ్డున ఒక చిన్న పురపాలిక (చరిత్ర, కాగితాలు, నీళ్ళు, పులస)

లంకగాలి:
తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం యానాం మీద ఇరవై పేజీల చిన్న పుస్తకం తయారవుతోంది. చిత్తుప్రతిలో ఇలా ఉంది: "1723 నుంచి 1954 దాకా యానాం ఫ్రెంచివారి పాలనలో ఉంది. వారి కోట 1839 ఉప్పెనలో కొట్టుకుపోయింది. ఆ ఉప్పెనలో 20,000 ఓడలు మునిగాయి. 1954 నవంబర్ 1న యానాం స్వతంత్రమైంది." ఇందులో ఏది నిలుస్తుంది, ఏది తీసెయ్యాలి? ఊరి స్వభావం గురించి కూడా రాయాలి. "ఫ్రెంచి సంస్కృతి ఉట్టిపడే పట్టణం" అన్న వాక్యం మాత్రం పెట్టకూడదనుకుంటున్నాం.

పాతదస్త్రం:
ఆ నాలుగు వాక్యాల్లో ఒక్కటీ ఉన్నదున్నట్టు నిలవదండి. ముందు తేదీల సంగతి చూద్దాం.

ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టిన మాట నిజమే. వ్యాపారం గిట్టక 1727లో ఎత్తేశారు. 1731లో మళ్ళీ తెరిచారు. 1750లలో ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదు దర్బారులో చక్రం తిప్పుతున్న రోజుల్లో ఉత్తర సర్కారులు వాళ్ళ చేతికి రావడంతో (1753), యానాం ఒక పెద్ద దేశానికి చిన్న రేవుగా ఉండేది. ఆ వైభవం అయిదేళ్ళే. 1758 డిసెంబర్ 7న చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళు, విజయనగరం ఆనందగజపతి కలిసి ఫ్రెంచి సేనను ఓడించారు. మరుసటి ఏడు మచిలీపట్నం కూడా పోయింది. 1763 పారిస్ సంధితో యానాం తిరిగొచ్చింది. 1778లో పోయి 1785లో వచ్చింది. 1793లో మళ్ళీ పోయి, 1814 సంధి పుణ్యమా అని 1816-17లో వచ్చింది. "231 ఏళ్ళ ఫ్రెంచి పాలన" అని గీత గీసినట్టు రాయడానికి వీల్లేదన్నమాట. మధ్యలో మూడుసార్లు ఇంగ్లీషు జెండా ఎగిరింది, ఒకసారైతే ఇరవై ఏళ్ళకు పైగా.

పిల్లలకు చెప్పాలంటే ఈ రాకపోకల్నే చెప్పండి. యూరపులో యుద్ధం మొదలైనప్పుడల్లా గోదారి ఒడ్డున ఒక గోదాముకు తాళాలు మారేవి. ఆ ఒక్క ముక్కలో పద్దెనిమిదో శతాబ్దమంతా ఉంది.

రేవుమెట్టు:
కోట సంగతి నేను చెబుతాను. కొట్టుకుపోవడానికి అక్కడ కోటంటూ ఉండాలి గదా. 1814 పారిస్ సంధిలో పన్నెండో అధికరణం చూడండి: ఇండియాలో తిరిగి ఇచ్చే స్థావరాల్లో ఫ్రాన్సు కోటలు కట్టకూడదు, శాంతిభద్రతలకు సరిపడేంత బలగమే ఉంచుకోవాలి. కాబట్టి 1839 నాటికి యానాంలో కోట ఉండే ప్రసక్తే లేదు. పైగా 1815లో కుదిరిన ఇంకో ఒప్పందంతో ఉప్పు, నల్లమందు వ్యాపారం కూడా ఇంగ్లీషువాళ్ళకే దఖలు పడింది. సముద్రం పక్కనే ఉన్నా ఉప్పు మీద స్వేచ్ఛలేని రేవు అది. సైన్యం లేదు, ఉప్పు లేదు, చుట్టూ నాలుగు దిక్కులా వేరే దొరతనం. ఊరి స్వభావం ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

పాతవి చూపించాలంటే 1846 నాటి సెయింట్ ఆన్ చర్చి ఉంది. మీసాల వెంకన్న గుడి ఉంది. స్వామికి మీసాలు ఉంటాయి కాబట్టి పిల్లలకు బాగా గుర్తుంటుంది.

ఏటిపోటు:
20,000 ఓడల మాట యానాం పక్కనున్న కోరంగి రేవు గురించి ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది, 3 లక్షల మంది చనిపోయారన్న అంకెతో జతగా. పుస్తకంలో పెట్టకండి. ఒక్కసారి ఆలోచించండి: కోరంగి సముద్ర రేవు కాదు, ఏటి పాయలో ఉన్న రేవు. నాటు పడవలు, దోనెలు అన్నీ కలిపి లెక్కవేసినా ఇరవై వేలు పట్టే చోటు కాదది. నిలిచే మాట ఇది: 1839 నవంబర్ 25న తుపాను, దాంతో పాటు ఉప్పెన వచ్చి కోరంగి నాశనమైంది, పక్కనే ఉన్న యానాం కూడా దెబ్బతింది, కోరంగి ఆ తరవాత మళ్ళీ రేవుగా కోలుకోలేదు. అంతకు అరవై ఏళ్ళలోపే 1787లోనూ, 1789లోనూ ఉప్పెనలు వచ్చాయి.

కోరంగి పతనాన్నంతా ఒక రాత్రి మీద వెయ్యడం కూడా పొరపాటే. గౌతమి తెచ్చే ఒండ్రు ముఖద్వారంలో మేట వేస్తూనే ఉంది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ ఏర్పడి, పెరిగింది కూడా గత రెండు వందల ఏళ్ళలోనే. పెద్ద ఓడలకు లోతు చాలలేదు. అదే దిబ్బ చాటున కాకినాడకు అలల ఉద్ధృతి తగ్గింది. ఉప్పెన ఒక దెబ్బ కొట్టింది, మేట మాత్రం రోజూ కొట్టింది. ఇది పిల్లలకు బొమ్మ గీసి చూపించదగ్గ విషయం: ఏరు విడిపోయేచోట యానాం, కోరింగ పాయ మీద కోరంగి, పైన కాకినాడ. కోరింగ పాయనే సప్తగోదావరుల లెక్కలో ఆత్రేయ అంటారు.

కోనసీమకొబ్బరి:
కోరంగి పేరు ఎంత దూరం పోయిందో కూడా రాయండి. బర్మాలో, మలయాలో తెలుగువాళ్ళని "కొరంగీలు" అనేవారు, ఆ రేవులో ఓడ ఎక్కి వచ్చారని. అంత పిలుపు ఉన్న ఊరు ఇప్పుడు మడ అడవులకు మాత్రమే పేరు.

పాతదస్త్రం:
వలసల మాట వచ్చింది కాబట్టి యానాం వంతు కూడా చేర్చండి. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలను ఒప్పందం మీద రీయూనియన్ దీవికి ఓడలో తీసుకెళ్ళారు. మొదటి గుంపు పదిహేను మందే. మారిషస్‌కు పెద్ద ఎత్తున ఒప్పందపు కూలీలు వెళ్ళడం 1834లో మొదలైంది, అంటే యానాం అంతకు ముందే. రీయూనియన్‌లో ఈరోజుకీ తెలుగు మూలాలున్న ఇంటిపేర్లు ఫ్రెంచి అక్షరక్రమంలో కనిపిస్తాయి.

లంకగాలి:
కోట తీసేశాం, ఓడలు తీసేశాం. మరి 1954 నవంబర్ 1 ఎందుకు తప్పు? పుదుచ్చేరిలో విమోచన దినం ఆ రోజే కదా?

పుదుచ్చేరి_తెలుగు:
పుదుచ్చేరికి అది సరే. యానాంకు మూడు తేదీలు ఉన్నాయి, మూడింటికీ మూడు అర్థాలు.

1954 జూన్ 13: దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊళ్ళోకి వచ్చి పరిపాలన చేతుల్లోకి తీసుకున్న రోజు. తెలుగు, తమిళ, మలయాళ నేలల మీదున్న ఈ నాలుగు స్థావరాల్లో ఫ్రెంచి పాలన ముందుగా పోయింది యానాంలోనే. మాహె మరి నెల్లాళ్ళకి, పుదుచ్చేరి, కారైకాల్ నవంబరుకి.

1954 నవంబర్ 1: నాలుగు స్థావరాల పాలనను ఫ్రాన్సు భారత ప్రభుత్వానికి అప్పగించిన రోజు. అది వాస్తవ బదిలీ.

1962 ఆగస్టు 16: 1956 మే 28న సంతకాలైన అప్పగింత ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు. చట్టబద్ధమైన బదిలీ ఇదే. మధ్యలో ఎనిమిదేళ్ళ పాటు కాగితం మీద యానాం ఇంకా ఫ్రాన్సుదే.

మూడో తేదీని చిన్నచూపు చూడకండి. పౌరసత్వం లెక్కంతా దాన్నుంచే. ఆ రోజు నుంచి ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ఫ్రెంచి పౌరసత్వం కోరుకున్నవాళ్ళు ఫ్రెంచివాళ్ళుగా మిగిలారు. కోరుకోని, స్థావరంలోనే పుట్టి అక్కడే ఉంటున్న వాళ్ళు భారతీయులయ్యారు. పక్కపక్క ఇళ్ళలో అన్నదమ్ముల పిల్లలకు రెండు రకాల పాస్‌పోర్టులు ఉండటానికి కారణం ఆ ఆరు నెలలు.

రేవుమెట్టు:
యానాంకు కల్యాణపురం అనే పేరు వచ్చిన సంగతి కూడా వస్తుందనుకుంటా పుస్తకంలో. అక్కడ రెండు వేర్వేరు హడావుడులు కలిసిపోతుంటాయి, విడదీసి రాయండి. బాల్యవివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం 1929లో ఆమోదం పొందింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 నిండాలన్నారు. ఆ ఆర్నెల్లలో, చట్టం రాకముందే చేసెయ్యాలని ఇంగ్లీషు ఇలాకాలో ఊరూరా బాల్యవివాహాలు జరిగాయి. అది మొదటి హడావుడి, దానికి యానాంతో పనిలేదు. ఏప్రిల్ తరవాత, చట్టం వర్తించని నేల వెతుక్కుంటూ గోదావరి జిల్లాల నుంచి పెళ్ళివారు యానాం దారి పట్టారు. అది రెండో హడావుడి. కల్యాణపురం అనే పేరు అందుకే.

ఆ పేరును ముద్దుగా రాసి వదిలెయ్యకండి. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్లలకు ఆ పొలిమేర ఏం చేసిందో పదో తరగతి పిల్లలకు అర్థమవుతుంది.

మంగళవారం సంత కూడా ఆ పొలిమేర వల్లే పెరిగింది. ఫ్రెంచి యానాంలో దిగుమతి సుంకం వేరు కాబట్టి విదేశీ సరుకు చవక. చుట్టుపక్కల జనం మంగళవారం వచ్చి కొనుక్కునేవారు. చట్టం పెళ్ళిళ్ళను తెచ్చింది, సుంకం సంతను తెచ్చింది. సంత ఇప్పటికీ మంగళవారమే.

లంకగాలి:
బడిలో ఒకరిద్దరు పిల్లలు వాళ్ళ ముత్తాతల జనన నమోదు వెతకాలనుకుంటున్నారు. ఫ్రెంచి కాలపు రిజిస్టర్లు ఎలా చదవాలి?

పాతదస్త్రం:
ఇది ఓపికతో చేస్తే దొరికే పని. ఎక్కడ తప్పుదారి పడతారో కూడా చెబుతాను.

నమోదు పురపాలికది. 1880 మార్చి 12 నాటి ఫ్రెంచి ఉత్తర్వుతో యానాం ఒక కమ్యూన్ (పురపాలిక) అయింది. మేయరు కార్యాలయమే (పాతవాళ్ళు మేరీ అనేది దీన్నే) జనన, మరణ, వివాహాలను రాసుకునేది. కాబట్టి దరఖాస్తు యానాం మునిసిపాలిటీకే పెట్టాలి, తాలూకా ఆఫీసుకు కాదు. ఫ్రాన్సుకు పంపిన రెండో ప్రతి ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ ఊళ్ళో ఉన్న సముద్రాంతర జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉంటుంది. నూరేళ్ళు దాటినవి వాళ్ళు చాలావరకు స్కాన్ చేసి ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. మొదట అక్కడ సంవత్సరం, సంఖ్య పట్టుకోండి. అవి చేతిలో ఉంటే ఇక్కడ నకలు తియ్యడం గుమాస్తాకు తేలిక. "మా ముత్తాత, 1900 ప్రాంతం" అని మాత్రమే రాస్తే ఎవరూ వెతకలేరు.

పేజీ పేజీ తిప్పక్కర్లేదు. ఫ్రెంచి పద్ధతిలో పదేళ్ళకోసారి పేర్ల పట్టిక వేరేగా తయారుచేస్తారు. ముందు దాన్ని చూడండి.

తప్పుదారి పట్టేది మూడుచోట్ల. ఒకటి, అక్షరాలు. మన "ఉ" శబ్దానికి వాళ్ళు ఓ, యు రెండూ కలిపి రాస్తారు. "సూర్య" ఎస్-ఓ-యు అని మొదలవుతుంది. "వెంకట"లో కె బదులు సి ఉండొచ్చు. "ష"కు సి-హెచ్ వాడతారు, దాన్ని ఇంగ్లీషులా "చ" అని చదివితే మనిషే మారిపోతాడు. రెండు, పేరు వరస. ఇంటిపేరు ముందు రాశారా, తండ్రిపేరు ముందు రాశారా అన్నది గుమాస్తాను బట్టి మారుతుంది. రెండు విధాలా వెతకాలి. మూడు, తేదీ. సంవత్సరం అంకెల్లో ఉండదు, మాటల్లో ఉంటుంది. తొంభైకి ఫ్రెంచిలో "నాలుగు ఇరవైలు పది" అంటారు. అది తెలియక 1893ను 1883 అనుకోవడం మామూలే.

తోడుగా ఒక మాట. 1881 సెప్టెంబర్ 21 నాటి ఉత్తర్వుతో, సొంత మతచట్టం వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతి కిందకు రావడానికి భారతీయులకు వీలు కల్పించారు. అలా మారినవాళ్ళని "రెనొన్సాన్" అంటారు. వాళ్ళు కొత్త ఇంటిపేరు తీసుకునేవారు. ఒక పేరు హఠాత్తుగా రిజిస్టర్లలోంచి మాయమైతే ఈ కోణం చూడండి.

పుదుచ్చేరి_తెలుగు:
ఆ మాట ఆస్తి వ్యవహారాల్లో ఇప్పటికీ తగుల్తుంది. హిందూ వివాహ చట్టం, వారసత్వ చట్టం 1963లో ఈ ప్రాంతానికి వచ్చాయి గాని, రెనొన్సాన్లకు వర్తించవని స్పష్టంగా మినహాయించారు. పాత ఆస్తి కొనేటప్పుడు అమ్మేవాళ్ళ తాతల్లో ఎవరైనా రెనొన్సాన్ ఉన్నారా అని అడగాలి. ఉంటే వాటాల లెక్క ఫ్రెంచి పౌరస్మృతి ప్రకారం మారుతుంది. ఫ్రెంచి కాలపు నోటరీ దస్తావేజు ఉంటే దాని తర్జుమా ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, మూలంలో హద్దులు పోల్చి చూడాలి.

ఇక పురపాలిక తీరు. ఇప్పుడు నడిచేది 1973 నాటి పాండిచ్చేరి మునిసిపాలిటీల చట్టం. ఎన్నికలు 1968 తరవాత మళ్ళీ జరిగింది 2006లో. 2011లో ఆ కాలపరిమితి అయిపోయాక మళ్ళీ జరగలేదు. కౌన్సిలర్ ఎవరని పిల్లలు అడిగితే జవాబు: ఎవరూ లేరు, కమిషనరే. పైన ప్రాంతీయ పరిపాలనాధికారి. శాసనసభలో ఎన్నికయ్యే 30 సీట్లలో యానాంది ఒకటి. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది ఉన్న ఊరికి వార్డు స్థాయిలో ఎన్నికైన మనిషి లేకపోవడం చిన్న లోటు కాదు. వీధి దీపం నుంచి మురుగు కాలువ దాకా ప్రతిదీ శాసనసభ్యుడి దగ్గరికో, 870 కిలోమీటర్ల దూరంలోని రాజధాని పుదుచ్చేరికో పోతుంది.

కోనసీమకొబ్బరి:
బండ్ల నంబరు పీవై-04, టెలిఫోను కోడ్ మాత్రం కాకినాడదే, 0884. రైలెక్కాలన్నా కాకినాడే, ముప్పై కిలోమీటర్లు. హైకోర్టు చెన్నై. ఇవి నాలుగూ ఒక చోట రాస్తే చాలు, ఊరి తీరు పిల్లలకు తెలిసిపోతుంది.

లంకగాలి:
వరదల అధ్యాయం బలహీనంగా ఉంది. 2022 జూలైలో అంత నీళ్ళు ఎందుకొచ్చాయో సూటిగా చెప్పగలరా?

ఏటిపోటు:
ముందు కొలతలు కలిపెయ్యకండి. వార్తల్లో "భద్రాచలం 43 అడుగులు, ధవళేశ్వరం 11.75 అడుగులు" అని పక్కపక్కన వస్తాయి. రెండు గేజీలూ వేర్వేరు, ఒకదాన్నుంచి ఇంకోటి తీసెయ్యకూడదు. భద్రాచలం దగ్గర మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు (సుమారు 10 లక్షల క్యూసెక్కులు) మొదటిది, 13.75కు (13 లక్షలు) రెండోది, 17.75కు (17 లక్షలు) మూడోది. 2022 జూలై 16న భద్రాచలం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి వదిలింది 25 లక్షల క్యూసెక్కులకు పైనే. 1986 ఆగస్టులో 35 లక్షలు.

భద్రాచలం నుంచి ధవళేశ్వరానికి సుమారు ఒక రోజు పడుతుంది. బ్యారేజీకి నాలుగు భాగాలు, 175 గేట్లు. ధవళేశ్వరం, ర్యాలి భాగాల నీరు గౌతమిలోకి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలది వశిష్ఠలోకి. యానాంకు వచ్చేది గౌతమి నీరు. అంటే భద్రాచలంలో మూడో హెచ్చరిక వినపడ్డాక యానాంలో సామాను పైకెత్తుకోవడానికి ఒక రోజు పైచిలుకు వ్యవధి ఉంటుంది. తుపానుకు ఆ వ్యవధి ఉండదు, 1996 నవంబర్ 6 రాత్రి చూపించింది అదే.

ఇక యానాం ప్రత్యేకత. సముద్రం దగ్గర కాబట్టి రోజుకు రెండుసార్లు పోటు (నీరు పైకెక్కడం), రెండుసార్లు పాటు (దిగడం). అమావాస్య, పౌర్ణమి అటూ ఇటూ పోటు పెద్దది, నీటిమట్టంలో మీటరు పైన తేడా కనిపిస్తుంది. పైనుంచి వరద, కిందనుంచి పోటు ఎదురైతే నీరు దిగదు. ఒకే 17 లక్షల క్యూసెక్కులు అష్టమినాడు వస్తే ఒకలా ఉంటుంది, పౌర్ణమికి వస్తే ఇంకోలా. 2022లో వ్యాసపౌర్ణమి జూలై 13న. వరద శిఖరం మూడు రోజులకే వచ్చింది. పోటు అప్పటికింకా తగ్గలేదు.

రేవుమెట్టు:
దానికి తోడు నీరు ఎప్పుడూ గట్టు దాటే రానక్కర్లేదు. ఊరి మురుగు కాలువలన్నీ ఏటిలోకే పడతాయి. ఏటి మట్టం కాలువ అడుగుకన్నా పైకి లేస్తే అదే కాలువలోంచి వెనక్కి తంతుంది. గట్టు భద్రంగా ఉన్నా వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు కనిపించడానికి కారణం ఇదే. తూము మూతికి తలుపు ఉండాలి, బయట నీరు ఎక్కువైతే దానంతట అదే మూసుకునేది, లోపలి నీరు ఎక్కువైతే తెరుచుకునేది. ఈ తలుపు మధ్య కొబ్బరి మట్టో, ప్లాస్టిక్ సంచో ఇరుక్కుంటే పూర్తిగా పడదు. బెత్తెడు సందు చాలు, రాత్రికి రాత్రి వీధి నిండుతుంది. కాబట్టి జూన్ నెలాఖరుకే ప్రతి తూము శుభ్రం చేసి, తలుపు చేత్తో ఎత్తి దించి చూడాలి. తలుపులు మూసి ఉన్నప్పుడు లోపల వాన పడితే ఆ నీటిని మోటార్లతో తోడి గట్టు అవతల పొయ్యడం తప్ప వేరే దారి లేదు. అందుకని డీజిల్ మోటార్లు ముందే తెచ్చి ఉంచాలి, కరెంటు ఆపేస్తారు గనక.

లంకగాలి:
వరద తరవాత నుయ్యి శుభ్రం చేసే లెక్క పిల్లలతో చేయించవచ్చా? గణితానికి కూడా పనికొస్తుంది.

ఏటిపోటు:
తప్పకుండా. గుండ్రటి నుయ్యి అడ్డకొలత మీటర్లలో కొలవండి, దాన్ని దానితోనే గుణించండి, నీటి లోతుతో గుణించండి, 3.14తో గుణించి 4తో భాగించండి. వచ్చిన ఘనపు మీటర్లను 1000తో గుణిస్తే లీటర్లు. ఉదాహరణకు అడ్డం 2 మీటర్లు, నీరు 3 మీటర్లు అయితే 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. మామూలు రోజుల్లో 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. ఈ నూతికి సుమారు 24 గ్రాములు. వరద నీరు కలిసిన నూతికి ముందు బురద తోడించి, మొదటిసారి రెట్టింపు వెయ్యాలి.

పొడిని నేరుగా నూతిలో చల్లకూడదు. బకెట్లో కాసిని నీళ్ళతో ముద్దలా కలిపి, ముప్పాతిక దాకా నీరు పోసి తిప్పి, పది నిమిషాలు ఆగాలి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీటిని వేరే బకెట్లోకి వంచి, దాన్ని నూతిలో దించి పైకీ కిందకీ కదపాలి. అడుగు సున్నం నూతిలో పడితే నీరు గడుసెక్కుతుంది. గంట ఆగి వాడుకోవచ్చు. మూత సరిగ్గా లేని డబ్బాలో ఏడాదిగా ఉన్న పౌడరుకు బలం ఉండదు, వాసన ఘాటుగా లేకపోతే పారెయ్యండి.

కోనసీమకొబ్బరి:
నీళ్ళ మీదే ఇంకొక్కటి. ఎదురుగా అంత ఏరున్నా తాగడానికి ఆ నీరు పనికిరాదు, వేసవిలో పోటుతో ఉప్పు పైకి ఎక్కుతుంది. బోరు లోతుగా దింపినా ఉప్పే. డెల్టా నేలలో పైన పల్చటి తీపినీటి పొర, కింద ఉప్పునీరు. "ఇంకో ఇరవై అడుగులు దింపితే మంచినీళ్ళు పడతాయి" అనే సలహా ఇక్కడ చెల్లదు, అది మెట్ట ప్రాంతపు సలహా. వేసవిలో కాలువలు కట్టేస్తారు, అంతకుముందే చెరువులు నింపుకోవాలి. నింపడం వారం ఆలస్యమైతే మే నెలలో ట్యాంకర్ల ముందు బిందెలు.

లంకగాలి:
పులస లేకుండా యానాం పుస్తకమా అంటారు అందరూ. రెండు పేరాలు చాలు.

కోనసీమకొబ్బరి:
రెండు పేరాల్లో ఎలా ఇముడుతుందండీ!

సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, ఏరెక్కితే పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దాకే దాని దారి, పైకి పోలేదు. యానాం, ఎదుర్లంక వైపు పడినవి ఏటి ఒడ్డుకొచ్చి వేలంలో పోతాయి. రెండు కిలోల చేప ఇరవై వేలు దాటిన సందర్భాలు ఈమధ్య వార్తల్లో వస్తూనే ఉన్నాయి. ధర అంత పెరగడం గొప్ప కాదు, చేప తగ్గిపోయిందన్న గుర్తు. బ్యారేజీ అడ్డు, ముఖద్వారంలో మేట, పిల్లచేపల్ని కూడా వదలని సన్నకన్ను వలలు, ఈ మూడూ కారణాలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉన్నా, అది పులస ఏరెక్కే నెలలకు ముందే అయిపోతుంది.

మోసం ఎక్కడంటే, ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలసను పులస అని అమ్ముతారు. సముద్రపుది తెల్లటి వెండి రంగు. ఏటిది వీపు మీద బంగారు, ఎరుపు ఛాయ కలిసి ఉంటుంది. ఐసు పెట్టిన దాని కన్ను లోపలికి పోయి మసకబారుతుంది, పొట్ట నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది.

వండేటప్పుడు పొలుసు తీసి, చేపగా ఉండగానే కడగాలి. ముక్కలు కోశాక కడిగితే నూనె పోతుంది, పులసకు రుచంతా ఆ నూనెలోనే. మట్టి దాకలో ఉల్లిముద్ద, పచ్చిమిర్చి, కారం, చింతపండు పులుసు, బెండకాయలు. సన్నటి సెగ. గరిటె పెట్టకూడదు, ముక్క విరిగిపోతుంది. దాక చెవులు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. దించేముందు ఆవకాయ నూనె, వెన్నపూస. ఆ పూట తినకూడదు, మర్నాటికి పులుసు ముక్కలోకి దిగుతుంది. ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి, చిన్నపిల్లలకు పెద్దవాళ్ళు తీసిపెట్టాలి.

పుదుచ్చేరి_తెలుగు:
పరిశ్రమల పేజీలో ఒక వాక్యం సరిచెయ్యండి. పింగాణీ పలకల కర్మాగారం "నడుస్తోంది" అని రాశారు. 2012 జనవరిలో జరిగిన హింసలో ప్రాణాలు పోయాయి, ఆ తరవాత అది మూతపడింది. వందల కుటుంబాలకు జీతం ఆగిన సంగతి, క్లుప్తంగానైనా, ఉండాలి.

లంకగాలి:
అన్నీ దిద్దుకున్నాం. ఆఖరి ప్రశ్న: పిల్లల్ని ఒక్క రోజు తీసుకెళ్తే ఏ రోజు, ఏ వరసలో?

రేవుమెట్టు:
మంగళవారం తీసుకెళ్ళండి, సంత ఉంటుంది. దగ్గర్లో అమావాస్యో పౌర్ణమో ఉన్న మంగళవారమైతే ఇంకా మంచిది. ముందురోజు కాకినాడ రేవు పోటుపాటుల పట్టిక చూసుకోండి. ఏటిలో పైకి ఎక్కడానికి పట్టే ఆలస్యం కలుపుకోండి. పొద్దున్నే పోటు నిండుగా ఉన్నప్పుడు ఒడ్డున నీరు ఎంతవరకు ఉందో మెట్టు మీద సుద్దతో గీత గియ్యమనండి. తరవాత చర్చి, మీసాల వెంకన్న, మునిసిపల్ కార్యాలయం, సంత. ఆరు గంటలు పోయాక అదే మెట్టు దగ్గరికి తీసుకొచ్చి, గీత నుంచి నీటిదాకా టేపుతో కొలిపించండి. పాటు వేళ మెట్ల మీద నాచు జారుతుంది, కింది రెండు మెట్ల మీదకు పిల్లల్ని దిగనివ్వొద్దు, కొలిచే పని పెద్దవాళ్ళే చెయ్యాలి.

ఏటిపోటు:
ఆ కొలతను, తారీకు, తిథి, వేళతో సహా పుస్తకంలో అచ్చు వెయ్యండి. వచ్చే ఏడు పిల్లలు అదే తిథికి మళ్ళీ కొలుస్తారు. ఆగస్టులో మాత్రం వద్దు, ఎర్రనీరు ఉన్నప్పుడు ఆ లెక్క పోటుదో వరదదో తేలదు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి.